చలిమంట పూల బాట

మా అమ్మ తలుపు గడియ పెట్టదు. పగలూ పెట్టదు, రాత్రీ పెట్టదు. నాకు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చి, ఇద్దరం క్వార్టర్స్‌లోకి మారిన రోజు నుంచి ఇంట్లో ఇదే గొడవ. కుక్కలు వచ్చి వంటగదిలో పడుకుంటాయి. ఒకసారి పక్కవాళ్ల మేక వచ్చి, నేను ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర కొంగు నమిలి పోయింది. నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఎవరన్నా వస్తారేమోలే అంది మా అమ్మ, చీర దులుపుతూ. మన కొంపకి ఆ మేక తప్ప ఇంకెవరొస్తారమ్మా అంటే, చీర మడత పెట్టుకుంటూ లోపలికి పోయింది.

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతులు చెప్పేటప్పుడు కూడా మధ్యమధ్యలో అది తోసుకొస్తుంది, కాస్త సర్దుకోండి.

విచిత్రం ఏమిటంటే, మా ఊరివాళ్లలో ఇలా తలుపులు బార్లా తెరిచి పెట్టుకునే మనిషి మా అమ్మ ఒక్కతే. మాది ఉలవలదొడ్డి. అనంతపురం జిల్లాకు పడమటి కొసన, హగరి ఏటి ఒడ్డున, ఇసుకదిబ్బల పక్కన ఉండేది. ఆషాఢం వచ్చిందంటే ఏటిలోంచి ఇసుకగాలి లేచేది. ఆ గాలి మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుందని మావాళ్ల నమ్మకం. పలికి గుమ్మం దాటావో, ఇక తిరిగి రావు. అందుకని మూడుసార్లు పిలిస్తేనే పలకాలి, మూడుసార్లు పిలిస్తేనే తలుపు తీయాలి. గాలికి మూడోసారి పిలవడం చేతకాదట! ఊరు పోయి, అందరూ సర్కారు కట్టిచ్చిన కాలనీకి వచ్చి స్థిరపడ్డాక కూడా ఈ పద్ధతి పోలేదు. గ్యాస్ బండతను రెండుసార్లు పిలిచి, ఎవరూ లేరనుకుని సిలిండర్ వెనక్కి పట్టుకుపోయినందుకు అక్కడ వారానికో తగాదా జరుగుతుంది. మా అమ్మ మాత్రం మొదటి పిలుపు సగంలో ఉండగానే గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆమెకు ఆ భయం లేదని నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

మా నాన్న బీరప్ప గొర్రెల కాపరి. నేను ఒకటో తరగతిలో ఉండగా, ఒక ఆషాఢపు సాయంత్రం మందతో సహా కనిపించకుండా పోయాడు. మా ఊరు ఇసుక కింద పడింది కూడా ఆ గాలికే. తెల్లారేసరికి మా మిద్దె ముందువైపు చూరు దాకా ఇసుక పేరుకుంది. వెనక గోడ పగలగొట్టి అమ్మను, నన్ను బయటికి లాగారు. ఎవరి ప్రాణాలు వాళ్లు చూసుకునే గందరగోళంలో మా నాన్న సంగతి ఎవరికి పడుతుంది? అందరూ ఒకచోట చేరి కుదుటపడ్డాక, మనిషి లేడు, మందా లేదు అని తేలింది. మందలో సగం ఊరివాళ్ల గొర్రెలు. వాటిని బళ్లారి సంతలో అమ్ముకుని ఉడాయించాడన్నారు. అక్కడ కళ్లారా చూశామని కూడా ఒకరిద్దరు అన్నారు. బడిలో, కాలేజీలో, చివరికి పెళ్లిచూపుల్లో కూడా నేను గొర్రెలదొంగ కూతుర్నే. మా అమ్మ మారెక్క ఆ మాటకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. తల వంచుకుని వినేది. నాకు మండిపోయేది అక్కడే.

ఇంకొక్క ఆచారం గురించి చెప్పాలి, ఎందుకంటే అంతా దాని మీదే నడిచింది. మా ఉలవలదొడ్డిలో కాపరి కంబళి అంచును గొట్టంలా మడిచి, అందులో పూల గింజలు పోసి కుట్టేవాళ్లు. మందతో ఎక్కడెక్కడో తిరిగే మనిషి ఏ అడవిలో పోయినా తోటివాళ్లు ఆ కంబళిలోనే చుట్టి పూడుస్తారు. చలికాలంలో వాన పడితే గింజలు మొలిచి పూస్తాయి. వెతుక్కుంటూ వచ్చిన ఇంటివాళ్లు పువ్వును చూసి మనిషిని గుర్తుపడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో పువ్వు. మాది చలిమంట పువ్వు. నిప్పురంగు రేకులు, నడుమ బూడిదరంగు. గింజ చిక్కుడు గింజంత ఉంటుంది. ఊరు పూడిపోయాక ఆ మొక్క మళ్లీ ఎవరి కంటా పడలేదు. మా కేంద్రం లెక్కల్లో అది అంతరించిపోయిన మొక్క.

నేను విత్తనాల చదువు ఎందుకు చదివానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఎడారి నేలలో గింజకు తొందర ఉండదు. వాన పడగానే అన్నీ లేవవు. కొన్ని లేస్తాయి, మిగతావి పడుకునే ఉంటాయి. ఈ వాన మోసం చేస్తే వచ్చే వానకు, అదీ మోసం చేస్తే ఇంకెప్పటికో. ఒక తరం గింజలు మూడు తరాల వానల కోసం కాచుకుని ఉంటాయి. ఆ నిద్ర చెడగొట్టాలని నేను పట్టుబట్టాను. ల్యాబ్ వెనక రేకుల షెడ్డులో ముళ్లకంపలు కాల్చి, ఆ పొగను గొట్టంతో నీళ్లలోకి వదిలి, ఆ నీళ్లలోంచి ఒక ద్రవం తీశాను. కళ్లు మండి, దగ్గి దగ్గి, మా కేంద్రంలో నాకు పొగబండి అని పేరు కూడా వచ్చింది. కానీ ఆ ద్రవం నాలుగు చుక్కలు వేస్తే, గాజు సీసాలో నలభై ఏళ్లుగా ఎండి పడి ఉన్న గింజలు కూడా లేచి కూర్చున్నాయి. మూర లోతు ఇసుకలోంచి కూడా మొలక పైకి పొడుచుకొచ్చేంత బలం ఇచ్చింది. మా డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం గారు దానికి మేలుకొలుపు అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో ఆయన దిట్ట.

ఆ మందుకు ఒక దోషం ఉంది. అది ముందు కనిపెట్టింది కూడా నేనే. మందుతో లేచిన మొక్కలు పూస్తాయి, మామూలుకు రెట్టింపు పూస్తాయి. కాయలూ కాస్తాయి. ట్రేలో ఒక కాయను వేళ్ల మధ్య నొక్కి చూశాను. టప్పున పేలింది. లోపల గాలి. ఇంకొకటి నొక్కాను, అదీ అంతే. ఆ ట్రేలో ఉన్న కాయలన్నీ అలా నొక్కుతూ కూర్చున్నాను. ఒక్క గింజ లేదు. పరాంకుశం గారికి చెబితే ఆయన నెమ్మదిగా విని, "ముందు పూయనీ అమ్మా, దిబ్బల మీద పూలు చూస్తే గాని పెద్దవాళ్లు డబ్బు ఇవ్వరు. కాయల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. నేను గట్టిగా అడ్డుపడాల్సింది. పడలేదు. నాకు నా పని ఉంది.

దిబ్బలు నడుస్తాయని మీకు తెలుసో లేదో. పడమటి గాలి ఏటా కాస్త కాస్త తోస్తుంటే, మా ఊరి మీదెక్కిన దిబ్బ ఇన్నేళ్లలో ఊరిని దాటి తూర్పుకు పోయింది. మొండిగోడలు, పాత బావి బయటపడ్డాయి. మా నాన్న ఆ గాలిలోనే పోయి ఉంటే కంబళి అక్కడే ఎక్కడో ఉంటుంది. కంబళిలో గింజలు ఉంటాయి. ఒక్క పువ్వు పూసినా చాలు, ఆయన బళ్లారి పోలేదని కాలనీ మొత్తం ముందు నిలబెట్టి చూపిస్తాను. మొదటి పిచికారీ ఉలవలదొడ్డిలోనే చేద్దామని కాగితం పెట్టాను. డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం మా అమ్మ రాగిసంగటి గెలుకుతోంది. సంబరంగా చెప్పాను. తెడ్డు ఆగిపోయింది.

"యాడన్నా కొట్టుకో మే నీ మందు. దొడ్డిలో మాత్రం వద్దు."

ఎందుకని అడిగాను. పడుకున్నవాటిని లేపకూడదంది. నాన్న అక్కడే ఉంటేనో అన్నాను. ఉంటే ఉండనీ అంది. సంగటి అడుగంటి వాసన వస్తోంది, ఆమె తిప్పడం లేదు. నాకు తిక్క రేగింది. ఆయన ఎముకలు చూడలేక భయపడుతోందనుకున్నాను. కాదు, ఇన్నేళ్లూ జనం అన్నది నమ్మి, ఇప్పుడు సిగ్గుపడుతోందనుకున్నాను. నోటికి ఎంత మాట వస్తే అంత అనేశాను. మొగుడు దొంగగా ఉంటేనే నీకు బాగుందా అని కూడా అన్నాను. ఆమె పొయ్యి ఆర్పి, నాకు ముద్ద వడ్డించి, తను తినకుండా వెళ్లి తెరిచిన గుమ్మం దగ్గర కూర్చుంది.

కార్తీకం వెళ్లాక మందు కొట్టించాను. తర్వాత ఎదురుచూపు. మాకు చలికాలం వాన అంటే అదృష్టం మీద పడేది. సముద్రంలో ఎక్కడో తుఫాను లేస్తే, దాని తోక తగిలితే పడుతుంది, లేకపోతే లేదు. పుష్యమాసంలో తోక తగిలింది. రెండు రోజులు సన్నగా, విడవకుండా కురిసింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఆనందపడుతుంటే, మా అమ్మ ఇంట్లో ఇటూ అటూ తిరిగింది. వానకు తలుపు కొట్టుకుంటోంది, మూయమ్మా అన్నాను. మూయలేదు. గుమ్మంలోంచి జల్లు లోపలికి కొడుతుంటే గోనెపట్టా పరిచి తుడుస్తూ ఉంది.

నెల తిరగ్గానే దిబ్బలు పూశాయని కబురు వచ్చింది. డ్రోన్ ఎగరేసి తీసిన ఫొటోలను డైరెక్టర్ గారి గదిలో పెద్ద తెర మీద వేశారు. అంతటా పసుపు, తెలుపు, ఊదా పూలు. ఏ తరం నుంచి పడుకున్నవో అన్నీ ఒక్కసారే లేచాయి. ఆ రంగుల మధ్యలో సన్నగా, వంకరటింకరగా ఒక నిప్పురంగు గీత.

అది చలిమంట పువ్వు అని ఆ గదిలో అందరికన్నా ముందు నాకు తెలుసు. మా నాన్న ఎక్కడ పడితే అక్కడ ఒక గుత్తి పూస్తుందని నేను అనుకున్నాను. గీత ఎలా వచ్చింది? పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అంతరించిన పువ్వు, అదీ ఒక వరసలో! ఇక్కడ పూర్వం నీటిపాయ ఉండేదనడానికి ఇదే సాక్ష్యమని, వచ్చేవారం పెద్దవాళ్లను, పత్రికల వాళ్లను పిలుస్తానని గడగడా చెప్పుకుపోతున్నారు. నేను తెర దగ్గరికి వెళ్లి గీత వెంట వేలు పెట్టాను. ఏటివైపు మొదలైంది. తాగినవాడి నడకలా ఇటు తూలి అటు తూలింది. పాత బావి దగ్గర రెండు చుట్లు తిరిగింది. నీళ్ల పాయ బావి చుట్టూ ప్రదక్షిణం చేస్తుందా? ఇసుకగాలికి కళ్లు కనపడని మనిషి చేస్తాడు. కంబళి అంచు చినిగింది, నడుస్తుంటే గింజలు రాలాయి. ఆ గీత మా నాన్న నడక. బావి దగ్గర నుంచి అది మా వీధిలోకి తిరిగింది. వీధి చివర, ఒక ఇంటి ముందు, పెద్ద నిప్పురంగు మచ్చగా ఆగిపోయింది.

అది మా ఇల్లు.

నేను ఆ గదిలో పైకే నవ్వాను. మా నాన్న దొంగ కాదు. బళ్లారి పోలేదు. ఇంటికొచ్చాడు. డైరెక్టర్ గారికి ఏమీ చెప్పకుండా, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే క్వార్టర్స్‌కి పరిగెత్తాను.

మా అమ్మ బియ్యం ఏరుతోంది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. నేనే గెలిచానన్న పొగరు కూడా నా గొంతులో ఉంది. ఆమె చేట కింద పెట్టింది.

"యాడికి దాకా వచ్చినాడు?"

తలుపు దాకా అన్నాను. ఆమె గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"పిల్చినాడు," అంది. "నీ పేరు పెట్టే పిల్చినాడు. నా పేరు యానాడు పిల్చినాడు గనక? హొన్నూ అని ఒకతూరి. మళ్లా ఇంగోతూరి. నేను గడెమాను మీద చెయ్యి పెట్టుకోని నిలబడినా. మూడోది వస్తే తీద్దామని నిలబడినా. రాలేదు."

నేను కింద కూర్చున్నాను. గడెమాను అంటే మా తలుపుకు లోపల అడ్డం వేసే కర్ర. ఆమె అరచెయ్యి ఇప్పుడు కూడా దాన్ని పట్టుకున్నట్టే వంగి ఉంది.

మరి తెల్లారి వెనక గోడ పగలగొట్టినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా, తలుపు దగ్గర తవ్వించి ఉండొచ్చు కదా అని అడిగాను. అడిగానో అరిచానో తెలియదు.

"గాలే అనుకుంటి. గాలి కాదు, ఆయప్పే అనుకుంటే ఇంగ నేను ఎట్ల బతికేది? నిన్నెట్ల సాకేది? అంతలోకి బళ్లారిలో చూసినామన్నారు. ఉండనీ, ఆడనే ఉండనీ అనుకుంటి. దొంగైతే ఏం మే? దొంగ బతికుంటాడు."

ఇన్నేళ్లూ తల వంచుకుని ఆ మాట ఎందుకు విందో అప్పుడు అర్థమైంది. ఊరు వేసిన నింద కింద ఆమె మా నాన్నను ప్రాణాలతో దాచుకుంది. బళ్లారి నుంచి ఏదో ఒక రోజు వస్తాడని తలుపు తెరిచి పెట్టుకుంది. నేను నా మందుతో వెళ్లి ఆయన్ని చంపి వచ్చాను. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రోజు పొద్దున మా నాన్న కంబళి చూపించి, అంచు కుట్టు విడిచిపోయింది, కుట్టమన్నాడట. సాయంత్రం కుడతాలే అందట. మందు కొడితే గింజలు ఏం చెబుతాయో ఆమెకు ముందే తెలుసు. అందుకే వద్దంది. నేను ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి, నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున ఆమే నన్ను లేపింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉంది. పోదాం పద అంది.

జీపును ఏటి దగ్గర ఆపేసి, గీత మొదలైన చోటు నుంచి నడిచాం. చలిగాలి. చుట్టూ ఎన్ని రంగులున్నా మా అమ్మ వాటి వంక చూడలేదు. ఒక్కో చలిమంట పువ్వు దగ్గర ఆగి, దాన్ని దాటి, మళ్లీ నడిచింది. ఎక్కడా ఒక్క పువ్వును తొక్కలేదు. ఏటి దగ్గర ముందుగా పూసిన మొక్కలకు అప్పుడే కాయలు దిగాయి. ఆమె ఒక కాయ తెంచి నొక్కింది. టప్పుమంది. ఇంకొకటి తెంచింది.

గింజ పట్టలేదేమి అని అడిగింది. మందుతో లేచినవి గింజ కట్టవని చెప్పాను. ఆ సంగతి నాకు ముందే తెలుసని కూడా చెప్పాను. ఆ రోజు ఇక అబద్ధాలు ఆడే ఓపిక నాకు లేదు.

"అంటే మన పువ్వు ఇదే ఆకరా?"

ఇదే ఆఖరు అన్నాను. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఆ ఉత్తి కాయను కొంగున ముడేసుకుని ముందుకు నడిచింది.

బావి చుట్టూ రెండు చుట్లూ ఆమె తిరిగింది, ఆయన తిరిగినట్టే. నేనూ వెనకే తిరిగాను. వీధిలోకి వచ్చాం. మొండిగోడలే అయినా ఏ ఇల్లు ఎవరిదో ఆమె చెబుతూనే ఉంది. ఇది ఎర్రిస్వామిది. ఇది సుంకక్కది. ఇది మా చిన్నమామది. అన్ని గుమ్మాల ముందు నుంచి పూలు తిన్నగా సాగిపోయాయి. ఒక్క గుమ్మం వైపు కూడా తిరగలేదు. నాకు మా నాన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది. ఏ ఇంట్లో దూరినా బతికేవాడు కదా! మూడుసార్లు పిలిస్తే చాలు, ఎవరో ఒకరు తీసేవాళ్లు. ఇంత మొండి మనిషి ఏమిటమ్మా అన్నాను.

"గాలొస్తే నువ్వు జడుసుకోని ఏడుస్తావని ఆయప్పకు తెల్సు," అంది మా అమ్మ.

నాకు ఆ ఏడుపు గుర్తు లేదు. ఆ గాలి గుర్తుంది, దుప్పటి కింద చీకటి గుర్తుంది, ఆయన పిలుపు మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. నా పేరే పిలిచాడు, నేనే వినలేదు.

మా ఇంటికి వచ్చాం. మిద్దె సగం కూలింది. తుమ్మచెక్క తలుపు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. దిబ్బ అంతా తూర్పుకు పోయినా, గోడ చాటున తలుపును ఆనుకుని మోకాటి ఎత్తు ఇసుక మిగిలిపోయింది. ఆ ఇసుక నిండా చలిమంట పూలు. బాట పొడుగునా అడుగుకొకటి, రెండడుగులకొకటి పూసినవి ఇక్కడ సందు లేకుండా గుంపుగా పూశాయి. ఒక మనిషి తలుపుకు ఆనుకుని కూర్చుంటే పట్టేంత మేర. ఎందుకు మూడోసారి పిలవలేదో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. గొంతు నిండా ఇసుక పడ్డ మనిషి ఎన్నిసార్లు పిలుస్తాడు?

నన్ను అక్కడే నిలబడమని చెప్పి మా అమ్మ ఇంటి వెనక్కి వెళ్లింది. పగలగొట్టిన గోడ కంతలోంచి లోపలికి దూరుతున్న చప్పుడు, రాళ్లు జారుతున్న చప్పుడు వినిపించాయి. మిద్దె మీద పడుతుందమ్మా, బయటికి రా అని అరిచాను. కాసేపటికి తలుపుకు అవతల, చాలా దగ్గరగా ఆమె గొంతు వినిపించింది.

"పిలు."

ఎవరినమ్మా అన్నాను.

"రెండుతూర్లు అయిపోయినాయి. పిలు."

ఆమె ఏం అడుగుతోందో అర్థమైంది. నా పేరు నేను పిలుచుకోవడం అంత కష్టమని నాకు అంతవరకూ తెలియదు. కాళ్ల దగ్గర పూలు గాలికి కదులుతున్నాయి. కళ్లు మూసుకున్నాను.

"హొన్నూ..." అన్నాను.

"ఆ... వస్తాండా," అంది మా అమ్మ లోపల్నుంచి.

గడెమాను బిగుసుకుపోయింది. ఆమె దాన్ని ఊపి ఊపి లాగుతున్న చప్పుడు, ఎగరొప్పు వినిపించాయి. నేను సాయం చేయడానికి దారి లేదు. చివరికి అది ఊడి కింద పడింది. తలుపు లోపలికి తెరుచుకుంది. ఆనుకుని ఉన్న ఇసుకంతా జారి గుమ్మం దాటి లోపలికి పోయింది. పూలు వేళ్లతో సహా దాంతోపాటే పోయాయి. ఇసుకలో నల్ల కంబళి మడత ఒకటి తేలింది. మా అమ్మ గడప అవతల మోకాళ్ల మీద కూర్చుని, ఆ కంబళి అంచును వేళ్లతో తడిమింది. కుట్టు విడిచిన చోటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఇంట్లోకి వచ్చినాడు లే," అంది, నాకు కాదు.

పోలీసులు వచ్చి చూసి, రాసుకుని పోయారు. కాలనీ నుంచి పెద్దవాళ్లు నలుగురు వచ్చి, మా నాన్నను అదే కంబళిలో చుట్టి బావి పక్కన పూడ్చారు. గొర్రెల మాట ఎవరూ ఎత్తలేదు. తప్పయిందని కూడా ఎవరూ అనలేదు. కోరుకున్నది జరిగింది కదా, నాకు గొప్పగా ఉండాలి. లేదు. వారం తర్వాత డైరెక్టర్ గారు తన అతిథులను తీసుకొచ్చేసరికి పూలు వాడిపోయి, బాట పొడుగునా ఉత్తి కాయలు వేలాడుతున్నాయి. ఆయన వాటినే చూపించి పాత నీటిపాయ గురించి చెప్పారు. అది పాయ కాదండీ, మా నాన్న అన్నాను అందరి ముందు. ఆయన నా వంక జాలిగా చూసి, ఎండ తగిలినట్టుంది, జీపులో కూర్చోమన్నారు. ఆ దిబ్బల మీద ఇక ఏ చలికాలం ఎంత వాన పడినా లేవడానికి ఏమీ మిగల్లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మా నాన్నను పూడ్చి వచ్చిన రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. అన్నాలు తిన్నాక మా అమ్మ గిన్నెలు కడిగి, లైటు ఆర్పి, తలుపు మూసింది. గడియ పెట్టింది. నా ఎరుకలో అదే మొదటిసారి. చాప మీద వాలిందో లేదో, గురక మొదలైంది.

నాకు నిద్ర పట్టలేదు. బయట గాలి కూడా లేదు. చెవులు రిక్కించుకుని అలాగే పడుకున్నాను. చివరికి లేచి వెళ్లి గడియ తీసి వచ్చాను.